ఉగ్గుగిన్నె నుంచి కాప్సూల్ దాకా - ఆముదం కథ

గత కొన్ని నెలలుగా మన సంఘ సభ్యులు చాలామంది నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "డాక్టరుగారూ, ఆముదం కాప్సూల్స్ రోజూ వేసుకుంటే మంచిదటగా?" అని. జుట్టు ఒత్తుగా పెరుగుతుందని కొందరు, మలబద్ధకం పోతుందని కొందరు, ఒంట్లో పేరుకున్న విషమంతా కొట్టుకుపోతుందని మరి కొందరు విన్నారట. ఒక్కొక్కరికి ఫోనులో విడివిడిగా చెప్పేకన్న అందరికీ ఒకేసారి రాయటం నయమని, సంపాదకులను అడిగి ఈ నాలుగు పేజీలు పుచ్చుకున్నాను.

మందు సంగతి తేల్చాలంటే ముందు దాని చరిత్ర తెలియాలి. ఆముదం మనిషికి వేల ఏళ్ళుగా తెలిసిన వస్తువు. ఆ కాలమంతా అది దీపంలో వెలిగింది, తలకు పట్టింది, బండి ఇరుసుకు కందెన అయింది, కడుపు కడిగే మందు అయింది. భోజనం పళ్ళెంలోకి మాత్రం దాదాపు ఎక్కడా రాలేదు. ఆహారానికి అనుబంధంగా రోజూ మింగవలసిన పదార్థం అన్న హోదా దానికి మన కాలంలోనే, అదీ ఈ అమెరికా దేశంలోనే వచ్చింది. ఆ హోదా ఎలా వచ్చిందో చూస్తే, అది ఎంతవరకు న్యాయమో పాఠకులకే తెలుస్తుంది.

చెయ్యి లాంటి ఆకు

ఆముదం చెట్టు పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా అని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అక్కడినుంచి అది చాలా పూర్వమే ఈజిప్టుకూ, మన దేశానికీ చేరింది. క్రీ.పూ. 1550 ప్రాంతంలో ఈజిప్టులో రాసిన ఎబర్స్ పపైరస్ అనే వైద్యగ్రంథంలో ఆముదం ప్రసక్తి వుంది. క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఈజిప్టు తిరిగి చూసిన గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్, అక్కడి జనం ఈ నూనెను 'కికి' అంటారనీ, దీపాలకు వాడతారనీ, వాసన మాత్రం బాగుండదనీ రాశాడు. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయాస్కొరైడీస్ ఇంకా స్పష్టంగా చెప్పాడు: ఇది తిండికి పనికిరాదు, దీపాలకూ పట్టీలకూ పనికివస్తుంది అని. అంటే ఇప్పుడు మనం వేసుకుంటున్న ప్రశ్నకు రెండు వేల ఏళ్ళ క్రితమే ఒక జవాబు వుందన్నమాట.

మన దేశంలో చరక, సుశ్రుత సంహితలు రెండింటిలోను ఏరండం వుంది. దాని సంస్కృత నామాలు చూడండి: వాతానికి శత్రువు గనుక వాతారి, ఆకు అరచేతిలా విచ్చుకొని వుంటుంది గనుక పంచాంగుళం, గంధర్వహస్తం. తమాషా ఏమిటంటే యూరపు వాళ్ళకు కూడా ఆ ఆకులో చెయ్యే కనిపించింది. వాళ్ళు దానికి 'పామా క్రిస్టీ', అంటే క్రీస్తు అరచెయ్యి, అని పేరు పెట్టారు. 1753లో లినేయస్ పెట్టిన శాస్త్రీయ నామం 'రిసినస్ కమ్యూనిస్' మాత్రం ఆకును బట్టి కాదు, గింజను బట్టి వచ్చింది. లాటిన్‌లో రిసినస్ అంటే పిడుదు. పశువుల ఒంటిమీద రక్తం తాగి ఉబ్బిన పిడుదును చూసినవారికి ఆ పేరు ఎంత అతికిందో వేరే చెప్పక్కరలేదు.

ఆయుర్వేదంలో ఆముదానికి గొప్ప స్థానం వున్న మాట నిజమే. కాని ఆ స్థానం ఎక్కడ? విరేచన చికిత్సలో, వాతరోగాల చికిత్సలో. విరేచనం ఇచ్చే ముందు రోగికి స్నేహనం, స్వేదనం చెయ్యాలన్నారు. వయస్సు, బలం, ఋతువు, కోష్ఠం చూసి మోతాదు నిర్ణయించాలన్నారు. విరేచనం అయిన తరువాత పలుచని గంజితో మొదలుపెట్టి క్రమంగా మామూలు భోజనానికి రావాలన్నారు. ఇంత తతంగం పెట్టింది అది మందు గనుకనే. "మన ఆయుర్వేదంలోనే చెప్పారండీ" అని సీసా కొనుక్కునేవారు ఆ శాస్త్రం చెప్పిన జాగ్రత్తలను కూడా కొనుక్కోవాలి. అవి సీసాతోపాటు రావటం లేదు.

మన ఇళ్ళల్లో

మన పల్లెటూళ్ళలో రెండు రకాల ఆముదం వుండేది. గానుగలో ఆడించింది ఒకటి, ఇంట్లో వండింది ఒకటి. దీపానికీ, బండి ఇరుసుకూ గానుగ ఆముదం. పిల్లల ఒంటికీ, కడుపుకూ వంటాముదం. అందులోను చిన్న గింజల నుంచి తీసిన చిట్టాముదం శ్రేష్ఠమని పేరు. గింజలను దోరగా వేయించి, రోట్లో మెత్తగా దంచి, ఆ ముద్దను నీళ్ళలో వేసి కుండలో ఉడికిస్తే నూనె పైకి తేలుతుంది. దాన్ని తేర్చి మరో గిన్నెలో పోసి, చిటపటలు ఆగేదాకా, అంటే తడి అంతా పోయేదాకా మళ్ళీ కాస్తారు.

ఈ పద్ధతిలో వున్న తెలివి గమనించదగ్గది. ఆముదం గింజలో రిసిన్ అనే భయంకరమైన విషం వుంది. 1888లో హెర్మన్ స్టిల్‌మార్క్ అనే పరిశోధకుడు డోర్పాట్ విశ్వవిద్యాలయంలో దాన్ని వేరుచేసి ఆ పేరు పెట్టాడు. అది ఒక ప్రోటీను. నూనెలో కరగదు, నీళ్ళలో కరుగుతుంది. బాగా కాస్తే చెడిపోతుంది. వేయించి, ఉడికించి, మళ్ళీ కాచిన మన అమ్మమ్మలకు రిసిన్ పేరు తెలియదు గాని, ఆ నూనె పిల్లలకు హాని చెయ్యకుండా ఎలా తియ్యాలో తెలుసు. గింజలు పశువులు నమిలితే ప్రమాదమనీ తెలుసు. ఆముదపు చెక్కను పొలానికి ఎరువుగా వేసేవారే గాని దాణాలో కలిపేవారు కాదు.

ఆహారంగా వాడిన చోటు బొత్తిగా లేదనలేం. నైజీరియాలో ఇగ్బో ప్రజలు ఆముదం గింజలను బాగా ఉడికించి, రోజుల తరబడి పులియబెట్టి 'ఒగిరి' అనే మసాలా ముద్ద చేస్తారు. అది కూర రుచి కోసం చిటికెడు వేసేది. అక్కడ కూడా ఉడికించటం, పులియబెట్టటం అనే కాపలా లేకుండా గింజ లోపలికి పోదు.

మన ఇళ్ళల్లో ఆముదం పట్టించటం అంటే ఒక పండుగకు ఉల్టా. నెలకో రెండు నెలలకో ఒక ఆదివారం తెల్లవారుజామున పిల్లలను లేపి, ముక్కు మూసి, గొంతులో పోసి, వెంటనే ఇంత చింతపండో బెల్లమో నోట్లో పెట్టేవారు. ఆ రోజంతా చారూ అన్నమే. "ఆముదం తాగిన మొహం" అన్న మాట ఊరికే పుట్టలేదు. చంటిపిల్లల మాడుకు ఆముదం పెట్టటం, ఆముదపు దీపం మసితో కాటుక పట్టటం, పురిటింట్లో బాలింత ఒంటికి పట్టించటం ఇవన్నీ మనకు తెలిసినవే. కాని ఎంత ఆముదం ప్రియులైనా దాన్ని తిరగమోతకు వాడినవాళ్ళను నేను వినలేదు.

చెలక నేలల పంట

కిరసనాయిలు రాకముందు రాత్రిపూట ఆంధ్రదేశంలో వెలుగు అంటే చాలావరకు ఆముదమే. 19వ శతాబ్దంలో కాకినాడ రేవు నుంచి విదేశాలకు పోయిన సరుకులలో ఆముదాలు ముఖ్యమైనవి. హైదరాబాదు సంస్థానంలో నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఎర్ర చెలకలు ఈ పంటకు పెట్టింది పేరు. వాన సరిగా పడని చోట, వరి ఊసే లేని చోట, రైతు చేతికి నాలుగు డబ్బులు వచ్చేది ఆముదాల మీదనే. దాసరి పురుగు ఆకులను జల్లెడ చేసినా, తుఫాను ముసురు పట్టి గెలలకు బూజు తెగులు వచ్చినా ఆ నాలుగు డబ్బులూ పోయేవి.

పాత రకాలు పొలంలో తొమ్మిది నెలలు వుండేవి. 1960లలో హెచ్.సి.6 అనే పాత రకం విత్తనాలను న్యూట్రాన్లతో వికిరణానికి గురిచేసి 'అరుణ' అనే రకాన్ని తయారుచేశారు. 270 రోజుల పంట 120 రోజులకు దిగింది. అణుశక్తిని వ్యవసాయానికి వాడి ఫలితం సాధించిన తొలి ఉదాహరణలలో ఇది ఒకటిగా చెప్పుకుంటారు. తరువాత పాలెం పరిశోధనా స్థానం నుంచి క్రాంతి, హరిత వంటి రకాలు వచ్చాయి. 1977లో రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధనకు కేంద్ర సంస్థ వెలసింది.

అయితే అసలు పందెం గుజరాతు గెలుచుకుంది. 1968లో అక్కడ విడుదలైన జి.సి.హెచ్.3 ప్రపంచంలోనే మొదటి సంకర ఆముదం. నీటి వసతి, సంకర విత్తనం కలిసి ఆ రాష్ట్రాన్ని ఆముదపు రాజధాని చేశాయి. ఇవాళ ప్రపంచ మార్కెట్టులోకి వచ్చే ఆముదంలో అత్యధిక భాగం భారతదేశానిది. భారతదేశపు ఆముదంలో అత్యధిక భాగం గుజరాతుది. ఇక్కడి దుకాణంలో మీరు కొనే కాప్సూల్ మీద ఏ కంపెనీ పేరున్నా, లోపలి నూనె బహుశా మన దేశపు గింజలోదే. మనం డాలర్లు పోసి ఇంటి సరుకునే కొంటున్నాం.

ఆ నూనెలో తినే పదార్థాలకు పోయేది స్వల్పం. మిగిలిందంతా పరిశ్రమలకే: రంగులు, సబ్బులు, నైలాన్-11 అనే ప్లాస్టిక్కు, గ్రీజులు. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లకు ఆముదమే కందెన. అది పెట్రోలులో సులువుగా కరగదు, వేడికి పలచబడి జారిపోదు. బండి ఇరుసుకు మన రైతు కనిపెట్టిన గుణమే విమానానికీ పనికివచ్చింది. ఇంజన్ చిమ్మిన ఆముదపు తుంపర పీల్చి, మింగి, పైలట్లు కడుపు నొప్పులతో దిగేవారని ఆనాటి కథలు చెబుతాయి. 1909లో వేక్‌ఫీల్డ్ కంపెనీ తన నూనెకు పెట్టిన 'కాస్ట్రాల్' అన్న పేరు కూడా కాస్టర్ నుంచి వచ్చిందే.

దొరల మందుల పెట్టెలోకి

పాశ్చాత్య వైద్యంలో ఆముదం మధ్యయుగాల తరువాత మరుగున పడింది. దాన్ని మళ్ళీ తెచ్చింది వెస్టిండీస్. అక్కడ వైద్యం చేసి వచ్చి ఇంగ్లండులోని బాత్ పట్టణంలో స్థిరపడిన పీటర్ కాన్వేన్ అనే వైద్యుడు 1760లలో ఆముదం మీద ఒక చిన్న గ్రంథం ప్రచురించాడు. 1788లో లండన్ ఫార్మకోపియాలో దానికి చోటు దొరికింది. 'కాస్టర్' అన్న పేరు ఎలా వచ్చిందన్న దానికి రెండు కథలున్నాయి. జమైకాలో దీన్ని 'ఆగ్నస్ కాస్టస్' అనే వేరే మొక్కగా పొరబడ్డారని ఒకటి; బీవర్ అనే జంతువు నుంచి తీసే కాస్టోరియం అనే మందుకు బదులుగా వాడటం వల్ల అని ఒకటి.

ఆ తరువాత నూట యాభై ఏళ్ళపాటు ఇంగ్లండులోను, అమెరికాలోను ఆముదం తాగని పిల్లవాడు లేడు. జ్వరానికీ ఆముదమే, జలుబుకీ ఆముదమే, అల్లరికీ ఆముదమే. శిక్షకూ చికిత్సకూ తేడా చెరిగిపోయింది. ఆ చెరిగిపోవటం ఎంతదాకా పోయిందంటే, 1920ల మొదట్లో ఇటలీలో ముస్సోలినీ నల్లచొక్కాల ముఠాలు తమ ప్రత్యర్థులను పట్టుకొని బలవంతంగా సీసాలకు సీసాలు ఆముదం తాగించేవి. మనిషిని నలుగురిలో అవమానించటానికి అంతకంటె చవకైన ఆయుధం లేదు. కొందరు ఆ బాధతో, నీరసంతో చనిపోయారు కూడా. తరువాత స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫ్రాంకో పక్షం వాళ్ళు ప్రత్యర్థుల ఇళ్ళ స్త్రీలకు తలలు గొరిగించి ఇదే పని చేశారు. ఆముదం నిరపాయమైనదనే వారు ఈ అధ్యాయం గుర్తుపెట్టుకోవాలి. మోతాదు మారితే వస్తువు స్వభావం మారుతుంది.

కలరా చెప్పిన పాఠం

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన ఒక చేదు కథ చెప్పాలి. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు కింగ్స్ కాలేజీ ఆసుపత్రి వైద్యుడు జార్జ్ జాన్‌సన్ ఒక సిద్ధాంతం చెప్పాడు. రక్తంలో విషం చేరింది, శరీరం దాన్ని విరేచనాల ద్వారా బయటకు తోస్తోంది, కనుక మనం విరేచనాలను ఆపకూడదు, ఆముదం ఇచ్చి ఇంకా సాయం చెయ్యాలి అని. ఆయన మూర్ఖుడు కాడు. పేరున్న వైద్యుడు, తరువాత మూత్రపిండాల వ్యాధులపై మంచి పని చేశాడు. సిద్ధాంతం వినటానికి సొంపుగానే వుంది. కాని కలరా రోగి చనిపోయేది ఒంట్లో నీరూ ఉప్పూ పోయి. అలాంటివాడికి ఆముదం పట్టటమంటే మునిగేవాడి మెడకు రాయి కట్టటమే. మరుసటి ఏడు ఆరోగ్య మండలివారి చికిత్సా సంఘం వివిధ చికిత్సల మరణాల లెక్కలు పోల్చి చూసి, ఆముదం పద్ధతికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది.

ఇవాళ అదే జబ్బును ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళతో నయం చేస్తున్నాం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థి శిబిరాలలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఆ నీళ్ళతోనే వేలమందిని కాపాడారు. 'విషాన్ని బయటకు తొయ్యాలి' అన్న సిద్ధాంతానికీ, 'పోయినదాన్ని తిరిగి ఇవ్వాలి' అన్న సిద్ధాంతానికీ మధ్య తేడా అంటే ప్రాణానికీ మరణానికీ మధ్య తేడా.

విషం లోపల వుందన్న భయం

అయినా ఆ మొదటి సిద్ధాంతం చావలేదు. 19వ శతాబ్దం చివర పారిస్ వైద్యుడు బూషార్ 'ఆటో ఇంటాక్సికేషన్' అన్నాడు. మలం ప్రేగులో నిలవుంటే అందులోని విషం రక్తంలోకి ఎక్కి మనిషిని నెమ్మదిగా చంపుతుందని దాని సారాంశం. లండన్ శస్త్రవైద్యుడు ఆర్బత్‌నాట్ లేన్ ఇంకో అడుగు ముందుకు వేసి, మలబద్ధకం వున్నవారి పెద్దప్రేగునే కోసి తీసెయ్యటం మొదలుపెట్టాడు. విరేచనకారుల అమ్మకాలు ఆకాశాన్నంటాయి.

1919లో అమెరికన్ వైద్యుడు వాల్టర్ అల్వరెజ్ దీనికి ఒక సూటి సమాధానం చెప్పాడు. మలబద్ధకం వున్న మనిషికి తలనొప్పి, చికాకు వుంటాయి. విరేచనం కాగానే నిమిషాలలో అవి పోతాయి. రక్తంలో నిజంగా విషమే వుంటే అది నిమిషాలలో ఎలా పోతుంది? సారాయి తాగినవాడికి సీసా ఖాళీ అయిన నిమిషంలో మత్తు దిగుతుందా? కనుక ఆ బాధ విషం వల్ల కాదు, ప్రేగు సాగి నిండి వుండటం వల్ల అన్నాడు. ప్రయోగాలు ఆ మాటనే బలపరిచాయి. ఆ సిద్ధాంతం వైద్య పాఠ్యపుస్తకాల నుంచి తొలగిపోయింది. పాఠ్యపుస్తకాల నుంచే. ఇప్పుడు అది 'డీటాక్స్' అనే కొత్త పేరుతో దుకాణాలలో తిరుగుతోంది.

దీనికి తోడు అమెరికాలో మరో పాయ వుంది. కెంటకీలో పుట్టి వర్జీనియా బీచ్‌లో స్థిరపడిన ఎడ్గార్ కేసీ (1877-1945) నిద్రలాంటి స్థితిలోకి పోయి రోగాలకు చికిత్సలు చెప్పేవాడు. ఆముదంలో తడిపిన గుడ్డను పొట్టమీద వేసి కాపడం పెట్టటం ఆయన తరచు చెప్పిన చికిత్స. 2020ల తొలి సంవత్సరాలలో టిక్‌టాక్‌లో ఊరేగిన పొట్టమీది ఆముదపు పట్టీలకూ, బొడ్డులో ఆముదపు చుక్కలకూ తాతగారు ఆయనే. మనవాళ్ళు అది చూసి "అరే, మన పాత వైద్యమే" అని మురిసిపోయారు. మన వైద్యంలో కూడా ఆముదం కాపడం వుంది, నిజమే. కాని ఈ ఊరేగింపు బయలుదేరింది చరకుడి ఇంటినుంచి కాదు, వర్జీనియా నుంచి.

గొట్టంలోకి దిగిన నూనె

ఇక కాప్సూల్. 1834లో పారిస్‌లో మోథ్ అనే ఫార్మసీ విద్యార్థి, డ్యూబ్లాంక్ అనే ఫార్మసిస్టు కలిసి జెలటిన్ కాప్సూల్‌కు పేటెంటు పుచ్చుకున్నారు. రుచి భరించలేని మందులను నాలుకకు తగలకుండా మింగించటమే ఉద్దేశం. 1933లో డెట్రాయిట్‌లో రాబర్ట్ షేరర్ మెత్తని కాప్సూల్స్‌ను వేలకు వేలు పోతపోసే యంత్రం తయారుచేశాడు. చేపనూనె, విటమిన్లు, ఆముదం, ఏదైనా ఆ మెరిసే గుళికలో ఒకేలా కనిపిస్తుంది.

నన్నడిగితే ఈ చరిత్రలో అన్నిటికన్న పెద్ద మార్పు ఇదే. ఆముదానికి దేవుడిచ్చిన కాపలా దాని రుచి. ఒక చెంచా తాగినవాడు రెండో చెంచా అడగడు. రోజూ తాగటం అసలే జరగదు. గుళిక ఆ కాపలాను తీసేసింది. రుచి పోయింది, దానితో భయమూ పోయింది.

చివరి మెట్టు చట్టం. 1994లో అమెరికన్ కాంగ్రెసు ఆహార అనుబంధాల చట్టం చేసింది. మందు అమ్మాలంటే అది పనిచేస్తుందనీ, సురక్షితమనీ అమ్మేముందు రుజువు చెయ్యాలి. ఈ చట్టం కింద అనుబంధమని అమ్మేవాటికి ఆ ముందస్తు అనుమతి అక్కరలేదు. సీసా వెనక చిన్న అక్షరాలలో, ఇది ఏ జబ్బునూ నయం చెయ్యటానికి ఉద్దేశించినది కాదన్న అర్థం వచ్చే వాక్యం వుంటుంది. ముందువైపు పెద్ద అక్షరాలకు మనం కళ్ళజోడు పెట్టుకోనక్కరలేదు, వెనకవైపు అక్షరాలకు కావాలి. తేడా అంతే.

కడుపులో ఏం జరుగుతుంది?

ఆముదంలో నూటికి 85 నుంచి 90 పాళ్ళు రిసినోలియిక్ ఆమ్లం. నూనె నోట్లోను, జీర్ణకోశంలోను ఊరికే వుంటుంది. చిన్నప్రేగులో లైపేజ్ అనే జీర్ణరసం తగలగానే ఈ ఆమ్లం విడుదలవుతుంది. అది ప్రేగును ఎలా కదిలిస్తుందో చాలాకాలం ఊహలే నడిచాయి. 2012లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రజ్ఞులు ఎలుకలమీద ప్రయోగాలు చేసి, అది ఇ.పి.3 అనే ప్రోస్టాగ్లాండిన్ గ్రాహకాన్ని తట్టి లేపుతుందని చూపించారు. ఆ గ్రాహకం ప్రేగు కండరంలో వుంది. గర్భాశయపు కండరంలోనూ వుంది. కాన్పు రావటానికి ఆముదం పట్టే పాత ఆచారానికి కారణం అక్కడ దొరికింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. పెద్దవారికి విరేచనానికి ఇచ్చే మోతాదు 15 నుంచి 60 మిల్లీలీటర్లు. 15 మిల్లీలీటర్లు అంటే దాదాపు 14 గ్రాములు. ఒక కాప్సూల్‌లో 650 మిల్లీగ్రాములు వున్నదనుకుంటే, ఆ కనీస మోతాదు రావటానికి 22 కాప్సూల్స్ కావాలి. ఒకటో రెండో వేసుకుంటే మలబద్ధకానికి ఆ స్థాయి ఫలితం ఆశించటం కష్టం. ఫలితం లేదని సంఖ్య పెంచుకుంటూ పోతే అది అనుబంధం కాదు, పూర్తి విరేచన మందు.

రెండో లెక్క. ఆహార సంకలితాలను పరిశీలించే ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల సంయుక్త నిపుణుల సంఘం 1979లో ఆముదానికి ఒక పరిమితి పెట్టింది. జీవితాంతం రోజూ తీసుకున్నా ఫరవాలేదనదగ్గది శరీరపు బరువు కిలోకు 0.7 మిల్లీగ్రాముల వరకు. 60 కిలోల మనిషికి 42 మిల్లీగ్రాములు. ఒక్క 650 మిల్లీగ్రాముల కాప్సూల్ దానికి పదిహేను రెట్లు. అంతమాత్రాన అది విషమని నేను అనటం లేదు; ఆ పరిమితి ఎంతో జాగ్రత్తగా, ఎంతో ఎడం పెట్టి నిర్ణయించేది. కాని 'ఆహారం' అన్న మాట వాడినప్పుడు ఆహారపు కొలతతోనే కొలవాలి కదా!

జుట్టు మాటంటారా? మింగిన ఆముదం వల్ల జుట్టు పెరుగుతుందని నమ్మదగ్గ రుజువు ఏదీ లేదు. తలకు రాసుకుంటే వెంట్రుక నునుపుగా, దట్టంగా కనిపిస్తుంది. అది నూనె గుణం. "ఆముదం రాసుకుని ఎంత దొర్లినా అంటేదే అంటుతుంది" అన్నారు పెద్దలు.

ఎవరు దూరంగా వుండాలి?

గర్భిణీ స్త్రీలు మొదట. నెలలు నిండకముందు ఏ రూపంలోనూ నోట ఆముదం తీసుకోకూడదు. నెలలు నిండినా వైద్యుల ఎదుట తప్ప వద్దు. 2013 నాటి కాక్రేన్ సమీక్షలో మూడు ప్రయోగాలు, 233 మంది స్త్రీలు వున్నారు. కాన్పు తెప్పించటంలో లాభం రుజువు కాలేదు. తాగిన ప్రతి ఒక్కరికీ వాంతి వచ్చినట్టయింది. కాన్పు సాయానికి ఇండియా నుంచి వచ్చిన అత్తగారో, అమ్మగారో ప్రేమతో ఇచ్చినా ఈ ఒక్క విషయంలో మర్యాదగా తప్పుకోండి.

చంటిపిల్లలు రెండు. ఉగ్గుగిన్నెలో నాలుగు చుక్కలు పోయటం మన ఆచారం. ఏడుస్తున్న బిడ్డ గొంతులో పోసిన నూనె ఊపిరితిత్తులలోకి జారితే వచ్చే న్యుమోనియా మొండిది. ఒంటికి మర్దనా చెయ్యండి, నోట్లో మాత్రం పొయ్యకండి.

తెలియని కడుపునొప్పి వున్నవారు మూడు. అది అపెండిక్స్ కావచ్చు, ప్రేగు మెలిక కావచ్చు. అప్పుడు విరేచనకారి ప్రాణం మీదికి తెస్తుంది. గుండెజబ్బుకు డిజాక్సిన్, రక్తపోటుకు నీరు పోయే మాత్రలు వాడేవారు నాలుగు. విరేచనాల వల్ల పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. మన సంఘంలో ఈ మాత్రలు వాడే పెద్దలు ఎందరో వున్నారు. డాక్టరు "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగితే చాలామంది ఈ కాప్సూల్స్ పేరు చెప్పరు, అది మందు కాదనుకుంటారు గనుక. దయచేసి చెప్పండి.

మలబద్ధకం వున్నవారికి నేను చెప్పేది పాతదే. నీళ్ళు, తోటకూర, చిక్కుడు, జామపండు, పొద్దున్నే నడక. చాలకపోతే ఇసబ్‌గోల్. అదీ చాలకపోతే, లేక నలభై ఐదు దాటాక అలవాటు హఠాత్తుగా మారితే, దుకాణానికి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆ మార్పు వెనక పెద్దప్రేగు కాన్సర్ దాగి వుండే అవకాశం వుంది. నెలల తరబడి కాప్సూల్స్‌తో సర్దుకుపోతే తొలిదశలో దొరకవలసిన జబ్బు ఆఖరిదశలో దొరుకుతుంది. ఈ వ్యాసం రాయటానికి నన్ను తొందరపెట్టింది నిజానికి ఈ ఒక్క విషయమే.

ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమని మన సామెత. ఆసుపత్రులూ, మందులూ లేని రోజులలో మన పల్లెలకు అది నిజంగా మహావృక్షమే. దీపమిచ్చింది, రైతుకు డబ్బిచ్చింది, పసిబిడ్డ ఒంటిని కాపాడింది. ఆ గౌరవం దానికి ఎప్పుడూ వుండాలి. మన చుట్టూ ఇప్పుడు వేరే చెట్లు కూడా వున్నాయి గనుక, దాన్ని దాని ఎత్తులోనే చూడటం మంచిది. ఇంట్లో సీసా వుంటే పారెయ్యకండి. తలకు రాసుకోండి, కార్తీకమాసంలో దీపం పెట్టండి.

సెలవు.